వదిన కోసం కొన్న బాండ్లు

అబుదాబీ శివార్లలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళ నర్సుల హాస్టల్ ఉంది. రెండంతస్తుల విల్లా. కింద పెద్ద వంటిల్లు, పైన గదులు. ఆ వంటింట్లో వండేది ఖుర్షీదా. ఊరు రాయచోటి. క్యాటరింగ్ కాంట్రాక్టరు కింద ఉద్యోగం. నర్సుల్లో చాలామంది కోస్తా జిల్లాల అమ్మాయిలు, కొందరు మలయాళీలు. అందరికీ ఆమె అక్కే. చారులో ఇంగువ ఎక్కువైతే అలిగేదీ వాళ్ళే, డ్యూటీ నుంచి రాగానే "అక్కా, ఆకలి" అని గుమ్మంలోంచే అరిచేదీ వాళ్ళే.

ఖుర్షీదా గల్ఫుకు ఎందుకొచ్చిందో ఆ హాస్టల్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అడిగినా అడక్కపోయినా చెప్తుంది. మొగుడు షాహబాజ్ లారీ డ్రైవరు. కామెర్లు ముదిరి పోయాడు. అప్పటికి కూతురు ఫైజా తన చేత్తో తాను అన్నం కలుపుకోవడం కూడా సరిగ్గా నేర్వలేదు. ఇంట్లో ఇంకో మనిషి షాహబాజ్ అక్క, ఫాతిమాబీ. పిల్లలు పుట్టలేదని మొగుడు వేరే పెళ్ళి చేసుకుని పంపించేస్తే తమ్ముడి పంచన చేరింది. పరుపులు కుట్టేది. తమ్ముడు పోయిన కొన్నాళ్ళకి, ఒకరోజు దూది ఏకుతూ ఏకుతూ ఆపి మరదలితో అంది:

"ఈ పరుపులతో ముగ్గురం బతకలేం. నువ్వు పో. పాప నా కాడ ఉంటాది."

అంతే. అంతకు మించి మాట్లాడుకోలేదు. ఖుర్షీదా మొదట ఒక అరబ్బు ఇంట్లో పనికి వచ్చింది, తర్వాత ఈ వంటింటికి మారింది. ఫైజా ఊళ్ళో పెరిగింది. జ్వరాలొచ్చాయి, తగ్గాయి. బడి మారింది. పెద్దమనిషి అయింది. అన్నీ ఫోనులోనే తెలిశాయి.

"కన్నది నేను. పెంచింది మా వదిన" అని ఖుర్షీదా అందరితో అనేది. అనేటప్పుడు గొంతులో గర్వమే ఉండేది, కానీ చేతులు మాత్రం ఆ కాసేపు పని ఆపేసేవి.

వదినకు తిరిగి ఏమివ్వగలదు? చీరలు పంపింది. ఫాతిమాబీ వాటిని బీరువాలో పెట్టి, పాతవే కట్టుకుంది. బంగారు కమ్మలు పంపింది. ఆమె వాటిని ఫైజా కోసం దాచింది. ఒకసారి సెలవు మీద ఇంటికి పోయినప్పుడు ఖుర్షీదా ఒక సంగతి చూసింది. పక్కింటాయన హజ్ నుంచి వస్తూ తెచ్చిన ఖర్జూరం ఎప్పుడో తిన్నదట. ఆ గింజను పారేయకుండా కడిగి, నమాజు చాప మడతలో పెట్టుకుని ఉంది ఫాతిమాబీ. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి ఏం కోరుకుంటోందో ఆ గింజ చెప్పింది. ఆ రోజే ఖుర్షీదా మనసులో పడింది: వదినను మక్కాకు, ఉమ్రా యాత్రకు తీసుకుపోవాలి.

అయితే ఎట్లా తీసుకుపోవాలన్నదానికి ఆమెకు ఒకటే దారి కనపడింది. లక్కీ డ్రా.

గల్ఫులో పనిచేసేవాళ్ళకు ఈ జబ్బు కొత్త కాదు. కోట్ల బహుమతి ఉన్న పెద్ద డ్రా టికెట్టు ఒక్కరి జీతంతో కొనేది కాదు గనక పక్క విల్లాల ఆయాలతో, ఊడ్చేవాళ్ళతో కలిసి చందాలేసుకుని కొనేవాళ్ళు. డ్రా రోజున ఒకే ఫోను చుట్టూ అందరి తలలూ చేరేవి. పేరు ఎవరిదో వచ్చేది. తలలు విడిపోయేవి. మళ్ళీ నెల మళ్ళీ చందా.

2020 మొదట్లో అట్లాంటి ఒక డ్రా మర్నాడు, ఖుర్షీదా దిగులుగా ఉల్లిపాయలు తరుగుతుంటే సంతోషకుమారి టీ కోసం వచ్చింది. సంతోషకుమారిది రాజోలు దగ్గర పల్లె, ఐసీయూలో నర్సు. ఉన్నదున్నట్టు మాట్లాడే పిల్ల.

"మళ్ళీ పోయిందా అక్కా?"

"పోయింది పాపా."

"ఏం పోయింది? నీ లక్కా, నీ డబ్బా?"

"రెండూ."

"లక్కు పోతే పోనియ్యి. డబ్బెందుకు పోగొట్టుకోవడం? ఇక్కడ ఒక కంపెనీ వాళ్ళ పొదుపు బాండ్లు ఉన్నాయి కదా. నేను కడుతున్నాను. వాటికీ నెల నెలా డ్రా ఉంది. తగలకపోయినా నీ డబ్బు నీదే."

ఖుర్షీదా కత్తి కింద పెట్టింది. "తగలకపోయినా డబ్బు వెనక్కిస్తారా? అట్లాంటి డ్రా యాడుంటాది?"

సంతోష బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్క గింజ తీసి ఆమె అరచేతిలో వేసింది. "ఇది నీ బాండు అనుకో. ఈ వంటింటినిండా, పై గదులనిండా బియ్యం పోసి కలిపేశారు. నెలకోసారి కళ్ళు మూసుకుని కొన్ని గింజలు తీస్తారు. చిల్లర బహుమతులు కొన్నింటికి. పెద్ద బహుమతి ఒకే ఒక్క గింజకి."

"మరి నాది ఎప్పుడొస్తాది?"

"రాకపోవచ్చు. బతికినంతకాలం రాకపోవచ్చు. నిజం చెప్తున్నాను అక్కా, మళ్ళీ నన్ను తిట్టుకోకూడదు. కానీ ఆ టికెట్టులో ఐతే డ్రా అయిపోగానే నీ గింజ చెత్తబుట్టలోకి పోతుంది. ఇక్కడ పోదు. వచ్చే నెల డ్రాలో మళ్ళీ అదే గింజ. నీకు కావాలనుకున్న రోజు తీసుకుని వండుకోవచ్చు."

ఆ చివరి మాట వంటమనిషికి బాగా తలకెక్కింది. అయినా బేరం వదల్లేదు. "లాభమేమన్నా ఇస్తారా?"

"ఏడాదికోసారి కొంచెం. వాళ్ళ వ్యాపారంలో ఎంతొస్తే దాన్ని బట్టి. గొప్పగా ఉండదు. బహుమతులు కూడా ఆ లాభంలోంచే కదా ఇవ్వాలి, మనందరికీ పంచేది అంతమేర సన్నబడుతుంది."

"మా ఊళ్ళో చీటీ కడితే ఇంతకంటే ఎక్కువే మిగుల్తాది."

"మిగులుతుంది, చీటీ నడిపే ఆయన ఊళ్ళోనే ఉంటే."

ఖుర్షీదా పకపకా నవ్వింది. రాయచోటిలో చీటీల రహంతుల్లా రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసిన కథ ఆ హాస్టల్లో ఎన్నోసార్లు చెప్పింది తనే.

ఆ సాయంత్రమే ఊరికి ఫోను చేసింది. ఫాతిమాబీ అంతా విని, ఒక్క మాట అడిగింది: "జూదం గాదు గదా?"

"మన దుడ్డు పోదు వదినా. వాళ్ళ మతపెద్దలు, ఆలిములు చూసి సరేనన్నారంట."

"నాకు తెల్దమ్మే. పోయే దుడ్డు గాకుంటే అంత భయం లేదు. నీ మనసు ఒప్పుకుంటే చెయ్."

ఖుర్షీదా మనసు ఒప్పుకుంది. చందాల టికెట్టు మానేసి, జీతం రాగానే ఆ చందా డబ్బుకు బాండ్లు కొనడం మొదలుపెట్టింది. ఒక్కో బాండూ పది దిర్హాములే. ఉమ్రా సంగతి మాత్రం వదినకు చెప్పలేదు, బహుమతి తగిలాక చెబుదామని.

మొదలుపెట్టి రెండు నెలలైనా గడవలేదు, కరోనా వచ్చి పడింది. రోడ్లు ఖాళీ అయ్యాయి. హాస్టల్లో అమ్మాయిలు డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు బయటే విప్పి సంచిలో కట్టి, మొహాల మీద మాస్కుల గాట్లతో అన్నం ముందు కూర్చుని నిద్రపోయేవాళ్ళు. ఒకరోజు సంతోషకే సోకింది. పై అంతస్తు చివరి గదిలో పెట్టారు. ఖుర్షీదా పూటపూటా గంజి, మిరియాల చారు, మెత్తటి పప్పన్నం చేసి గుమ్మం ముందు స్టూలు మీద పెట్టి, దూరంగా మెట్ల మీద నిలబడి అరిచేది.

"తిన్యావా?"

లోపలినుంచి దగ్గుతో కలిసి, "రుచి తెలీట్లేదు అక్కా" అని వచ్చేది.

"రుచి నేను చూసినాలే. బాగానే ఉండాది. నువ్వు మింగు."

సంతోష కోలుకుంది. ఈలోగా కాంట్రాక్టరు జీతాలు సగం చేశాడు. ఊళ్ళో ఫైజా ఇంటర్‌లో ఉంది. క్లాసులన్నీ ఫోనులోకి మారాయి, ఇంట్లో ఉన్న ఫోను బటన్ల ఫోను. ఖుర్షీదా భయపడుతూ భయపడుతూ కొన్ని బాండ్లు వెనక్కిచ్చేసింది. ఇస్తారో ఇవ్వరో, ఏ కాగితం అడుగుతారో, ఎంత కోస్తారో అని ఒకటే గుబులు. వేసింది వేసినట్టే ఖాతాలో పడింది. ఫైజాకు ఫోను వచ్చింది. ఆ రోజు ఖుర్షీదా నమాజులో చాలాసేపు కూర్చుంది. డ్రాలో పేరు వచ్చినా అంత నెమ్మది దొరికేది కాదేమో.

జీతాలు మళ్ళీ మామూలయ్యాయి. బాండ్లు మళ్ళీ పెరిగాయి. ఖుర్షీదా ఓవర్‌టైములు చేసింది, శుక్రవారాలు పక్క విల్లాల్లో ఫంక్షన్లకు బిర్యానీ వండింది, వచ్చింది వచ్చినట్టు బాండ్లలో వేసింది. డ్రా రోజున అన్నం గంజి వార్చి, చేతులు తుడుచుకుని, బిస్మిల్లా అని ఫోను తెరిచేది. ఏమీ ఉండేది కాదు. ఒక్క చిల్లర బహుమతైనా లేదు. "ఇంకొన్ని కొంటే ఆశ ఇంకొంచెం పెరుగుతాది" అనుకునేది. అదేమీ అబద్ధం కాదు గానీ, గుప్పెడు గింజలు రెండు గుప్పెళ్ళయినంత మాత్రాన ఇంటినిండా పోసిన రాశి తగ్గదు కదా. ఆ సంగతి తెలిసినా ఆశ ఆశే.

అట్లా 2023 వచ్చింది. ఫైజా బీ ఫార్మసీలో చేరింది. ఒక మధ్యాహ్నం వీడియో కాలులో ఫాతిమాబీ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కనపడింది. మెట్లెక్కడం కష్టంగా ఉందని ఫైజా వెనకనుంచి చెప్పింది. ఖుర్షీదాకు భయమేసింది. మోకాళ్ళు పూర్తిగా పడిపోతే మక్కాలో కాబా చుట్టూ తిరిగేదెట్లా? దాచుకున్న మాట నోటినుంచి జారిపోయింది.

"వదినా, నాకు డ్రా తగిలినాంక నిన్ను ఉమ్రాకు తీసకపోదామని ఉండాది."

ఫాతిమాబీ చెయ్యి ఆగింది. తల వంచుకుంది. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయేమోనని ఖుర్షీదా ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఫాతిమాబీ నవ్వాపుకుంటోంది.

"అంటే నేను మక్కా జూడాలంటే అబుదాబీలో ఎవురో డ్రా డబ్బా తిప్పాలనా?"

"అట్ల గాదు వదినా..."

"మరెట్ల? వాళ్ళు తిప్పేలోపల నా మోకాళ్ళు తిరుగుతాయో లేదో. ఇంతకీ నువ్వు ఆ బాండ్లలో ఏసిందెంత?"

ఖుర్షీదాకు ఆ లెక్క తెలియదు. నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళూ ఆమె వాటిని డబ్బుగా చూడనేలేదు. డ్రాలో తన పేరు ఎన్నిసార్లు ఉందన్నట్టే చూసింది. ఫోను పెట్టేసి యాప్ తెరిచి, మొదటిసారి కింది మొత్తం అంకె చూసింది. నమ్మకం కలగక సంతోష దగ్గరికి పట్టుకుపోయింది.

"ఇది నాదేనా పాపా? సున్నా ఏమన్నా ఎక్కువ పడిందా?"

సంతోష చూసి, "నీదే. లాభం కూడా కలిసింది" అంది. ఇద్దరూ కలిసి ముసఫ్ఫాలో ఉమ్రా బస్సులు నడిపే ట్రావెల్స్‌కు ఫోను చేశారు. విమానం టికెట్టు, విజిట్ వీసా, సౌదీ వీసా, బస్సు, మక్కా మదీనాల్లో గదులు, ఇద్దరికీ కలిపి ధర చెప్పించుకున్నారు. సరిపోతుంది. సరిపోయి కొంత మిగులుతుంది కూడా.

ఖుర్షీదా వంటింటి గచ్చు మీద అట్లాగే కూర్చుండిపోయింది. "ఎన్నాళ్ళనుంచి సరిపోతాండాదో ఏమో" అంది మెల్లగా.

అయినా మనిషి బుద్ధి చిత్రమైంది. మర్నాడు డబ్బు వెనక్కి తీసుకునే బటను నొక్కబోయి ఆగింది. "వచ్చే నెలే నా నెంబరు ఉందేమో? తీసేసిన మర్నాడే తగిలితే?" అంది.

సంతోష నవ్వలేదు. ఆ భయం తనకూ తెలుసు. "తగలొచ్చు. కానీ అక్కా, పోయిన నెల డ్రాకీ రేపటి డ్రాకీ నీ ఆశలో తేడా ఏమీ లేదు. ఇన్నేళ్ళు ఆగావు గదా అని ఆ డబ్బాకు జాలి ఉండదు. మీ వదిన మోకాళ్ళకు మాత్రం తేడా ఉంటుంది."

ఖుర్షీదా నొక్కింది. కొన్ని బాండ్లు మాత్రం ఉంచుకుంది, ఆశను పూర్తిగా చంపడం ఇష్టం లేక.

జనవరి చలిలో ఫాతిమాబీ దిగింది. చెన్నైదాకా ఫైజా వచ్చి విమానం ఎక్కించింది. అబుదాబీ ఎయిర్‌పోర్టులో బయటికొస్తూనే మరదలిని చూసి, "ఇంత సన్నబడినావేందే, అందరికీ వండి నువ్వు తినవా?" అని మొదలుపెట్టింది. హాస్టల్ వార్డెన్ అనుమతితో ఖుర్షీదా గదిలోనే ఉంది. రెండో రోజుకే వంటింట్లో పీట వేసుకుని, వచ్చేపోయే నర్సుల్ని పేరు పేరునా అడగడం నేర్చింది.

తర్వాతి వారం బస్సెక్కారు. బస్సులో సగం మంది ఆడవాళ్ళే, గుంపుకు పెద్ద ఒక బెంగాలీ మౌల్వీ. ఫాతిమాబీకి తెలుగు తప్ప తిన్నగా ఇంకేదీ రాదు. వచ్చీరాని ఉర్దూతోనే బార్డరు దాటేలోపల అందరికీ నిమ్మకాయ ఊరగాయ పంచేసింది. బయట ఇసుక తప్ప ఏమీ లేదు. "ఇంత జాగా ఖాళీగా పెట్టుకోని ఈళ్ళు ఏం జేస్తారే?" అని ఆశ్చర్యపోయింది.

మక్కాలో తెల్లవారుతుండగా పెద్ద మసీదు హరంలోకి నడిచారు. చక్రాల కుర్చీ తీసుకుందామంటే ఫాతిమాబీ వినలేదు. మరదలి భుజం పట్టుకుని అడుగులో అడుగు వేసింది. స్తంభాల మధ్యనుంచి కాబా మీది నల్లటి గుడ్డ కనపడగానే ఆగిపోయింది. వెనక జనం తోసుకొస్తున్నారు. ఖుర్షీదా చేతులు అడ్డం పెట్టి ఆమెను కాసుకుంది. ఫాతిమాబీ ఏడవలేదు, అరవలేదు. చిన్నపిల్లలా అడిగింది:

"అదేనా?"

"అదే వదినా."

కాబా చుట్టూ తిరిగే తవాఫు పొడుగునా ఆమె పెదాలు ఆడుతూనే ఉన్నాయి. చెవి దగ్గర పెట్టి విన్న ఖుర్షీదాకు పేర్లు వినపడ్డాయి. షాహబాజ్. ఫైజా. వీధిలో వాళ్ళు. నర్సమ్మ సంతోషకుమారి, యేసుప్రభువును నమ్ముకున్న పిల్లైనా చల్లగా ఉండాలని. తనను వదిలేసిన మొగుడి పేరు కూడా. ఖుర్షీదా తన కోసం ఏమీ అడగలేకపోయింది. అడగడానికి ఏమీ మిగల్లేదనిపించింది. దేవుడి దయకు షుకర్, షుకర్ అంటూ తిరిగింది.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకు వంటింట్లోంచి పెద్ద కేక వినపడి, కాలిందేమోనని నర్సులు మెట్ల మీదనుంచి పరుగున దిగారు. ఖుర్షీదా ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను పట్టుకుని గెంతుతోంది. మిగిల్చిన ఆ కాసిని బాండ్లలో ఒకదానికి బహుమతి తగిలింది. యాభై దిర్హాములు.

సంతోష గోడకు చేరగిలబడి నవ్వింది. "నాలుగేళ్ళకి యాభై! అక్కా, నువ్వు కోటీశ్వరురాలివి."

ఫాతిమాబీ మాత్రం ఆలోచించి చెప్పింది. "తప్పో ఒప్పో నాకు తెల్దు. ఊరికినే వచ్చిన దుడ్డు మన పొట్టలోకి వద్దు. పదిమందికీ పెట్టు." ఆ యాభైకి పాలు, సేమ్యా, కిస్‌మిస్ కొన్నారు. వదినా మరదళ్ళు పెద్ద డేకిసా నిండా ఖీర్ కాచారు. డ్యూటీ నుంచి వచ్చిన ప్రతి అమ్మాయీ, కాపలా మనిషీ, చెత్తబండి వాళ్ళూ అందరూ తిన్నారు. డేకిసా అడుగున మాడింది ఖుర్షీదా గీక్కుని తింది.

వీసా గడువు అయిపోయింది. ఎయిర్‌పోర్టులో, మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళ డబ్బా సామానులో వేశాక, ఖుర్షీదా ఇన్నేళ్ళుగా చెప్పాలనుకున్న మాట మొదలుపెట్టింది.

"వదినా, నా బిడ్డను నువ్వు..."

"నిలుపు." ఫాతిమాబీ చెయ్యెత్తింది. "నాకు ఒక మాట చెప్పాలనుండాది. మక్కాలో చెప్దామనుకున్యా, నోరు రాలా. గొడ్రాలని నన్ను పంపించేసినప్పుడు నేను ఎవురికీ పనికిరానని అనుకున్యా. తమ్ముడు పోయినాంక నువ్వు నీ బిడ్డను తీసకొని పుట్టింటికి పోవచ్చు. పోలా. నా వొళ్ళో పెట్టి వచ్చినావు. బళ్ళో మీటింగు అంటే నేనే పోయినా. జెరమొస్తే అత్తా అని నన్నే పిల్చింది. ఈపొద్దు రాయచోటిలో నేను ఫైజా వాళ్ళత్తను. నేను నీకు చేసిందేముందే? నువ్వే నాకు ఇచ్చినావు."

తల్లినై ఉండీ దగ్గర లేకపోయానన్న బాధే ఇన్నేళ్ళూ ఖుర్షీదా మోసింది. ఆ లోటు ఇంకొకరి వొడి నింపిందని ఎప్పుడూ అనుకోలేదు. వదిన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఫాతిమాబీ విదిలించుకుని, "పో, నీ పిల్లలకు అన్నం టైమయింది" అని లోపలికి నడిచింది.

బస్సులో హాస్టల్‌కు తిరిగొచ్చేదాకా ఖుర్షీదా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పక్క సీటులో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆమె కళ్ళు చూసి, టిష్యూ కాగితం అందించింది. ఖుర్షీదా నవ్వి తీసుకుంది.

ఆ పూట అన్నం కాస్త మెత్తబడింది. నర్సులెవరూ ఏమీ అనలేదు. సంతోష మళ్ళీ పెట్టించుకుంది కూడా.